అమెరికా రుచియు, ఉద్దానపు చేతులును

గడచిన శతాబ్దమున 1920 మొదలు 1929 వరకు గల కాలమును అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రకారులు మహా పరివర్తన కాలముగా వర్ణింతురు. పల్లెలలో కంటె పట్టణములలో నివసించు జనులే అధికులని ఆ దేశపు 1920 జనాభా లెక్కలు మొదటిసారిగా తేల్చినవి. ఆ యేడు ఆగస్టులోనే స్త్రీల వోటుహక్కు రాజ్యాంగమునకెక్కినది. నవంబరులో పిట్స్‌బర్గు నగరమునుండి రేడియో మాటలాడ మొదలిడినది. ఫోర్డు మోటారుబండి వెల 300 డాలర్లకు లోపునకు దిగివచ్చి, వాయిదాల పద్ధతిపై సామాన్యుని వాకిట నిలిచినది. యువతులు జుట్టు కత్తిరించుకొనిరి. వారి తల్లులు నొచ్చుకొనిరి. నల్లజాతివారి జాజ్ సంగీతమునకు తెల్లవారు నాట్యమాడిరి గాని, ఆ నల్లవారిని తమ ప్రక్కన కూర్చుండనిచ్చుటకు మాత్రము ఒప్పుకొనలేదు. 1920 జనవరిలో అమలైన మద్యనిషేధమును చూచి మన కల్లు దుకాణముల ముందు నిలిచిన స్వచ్ఛంద సేవకులు సంతోషించిరి. 1933 డిసెంబరులో అది రద్దగుటయు చూచిరి.

ఎక్కడి అమెరికా, ఎక్కడి వజ్రపుకొత్తూరు అని మా పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ దశాబ్దమున అమెరికా వారి నోటికి అలవడిన ఒక రుచి పలాసలోను, కాశీబుగ్గలోను, ఉద్దానపు పల్లెలలోను వేలకొలది స్త్రీల చేతులను నేటికిని కాల్చుచున్నది. ఆ రుచి జీడిపప్పు.

జీడిమామిడికి పుట్టినిల్లు అమెరికా ఖండమే. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని బ్రెజిలునుండి మన పడమటి తీరమునకు తెచ్చిరి. ఇసుకనేలను గాలికి కొట్టుకొనిపోకుండ పట్టియుంచు చెట్టని దానికి మొదట పేరు. పిక్కలోని పప్పు రుచి తెలిసియు దానిని పెద్ద వ్యాపారము చేసినవారు చాలకాలము లేకపోయిరి. ఏలన, పిక్క పెంకునందు దాగియున్న నూనె చర్మమునకు తగిలినచో పొక్కులెక్కించును. 1920ల నడిమి కాలమున ఈ స్థితి మారినది. పప్పును పురుగుపట్టకుండ డబ్బాలలో మూసి సముద్రములు దాటించు ఉపాయము కుదిరినది. అమెరికా వర్తకులు కొల్లమువైపు దృష్టి సారించిరి. 1941 నాటికి మనదేశమునుండి ఎగుమతియైన పప్పు ఏటికి సుమారు 20,000 టన్నులకు చేరెను. పప్పుతో వారి ఆశ తీరలేదు. చేతులను కాల్చు ఆ పెంకు నూనెయే మోటారుబండ్ల బ్రేకులలో వేడికి తట్టుకొను పదార్థముగా పనికివచ్చునని వారి రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. కొట్టిన చేతికి పొక్కు మిగిలినది. పరుగెత్తు బండికి పట్టు దొరకినది.

కొల్లమున ఎదిగిన ఆ విద్య క్రమముగా తూర్పు తీరమునకు వచ్చి పలాసలో స్థిరపడినది. నేడు పలాస–కాశీబుగ్గ పేరు చెప్పినంతనే దేశమంతట జీడిపప్పు స్ఫురించును. ఇచ్చటి పప్పులో అధికభాగము మనదేశపు మిఠాయి దుకాణములకే పోవుచున్నదనియు, అమెరికా అంగళ్ళలో నేడు వియత్నాము వారిదే పైచేయి యనియు మేమెరుగుదుము. అయినను ఈ పనికి ఈ రూపమిచ్చినది, దీనిని తక్కువ కూలి గల ఆడువారి పనిగా ఏర్పరచినది, ఆ తొలి గిరాకియే.

ఆ దశాబ్దముననే మన తీరమునకును ఒక అమెరికా ఉండెను. దాని పేరు రంగము. రంగూనును మనవారు అట్లే పిలిచిరి. అప్పుడు టెక్కలి, సోంపేట ప్రాంతములు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాలోనివైనవి. కరవు వచ్చినను, జమీందారు శిస్తు మీదపడినను, పెండ్లికి అప్పు చేసినను, మగవాడు ఓడయెక్కి రంగము పోవుటయే మార్గము. అక్కడ రేవులో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో ఊక మ్రింగి, కోరంగీలని పిలిపించుకొని, ఇంటికి నాలుగు డబ్బులు పంపిరి. 1930 మేలో రంగూను రేవు సమ్మె వెంబడి చెలరేగిన అల్లరులలో తెలుగు కూలీలు ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపాను సేనలు రాగా మిగిలినవారిలో అనేకులు అడవులు, కొండలు దాటి నడచివచ్చిరి. త్రోవలో పడిపోయినవారును కలరు.

అసలు అమెరికా మాటయో? 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థింద్ అభియోగమున అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1924 వలస చట్టము ఆ తలుపునకు గడియ వేసినది. విద్యార్థిగా ప్రవేశించి వైద్యశాస్త్రమునకు మహోపకారము చేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు సైతము 1948లో కన్నుమూయువరకు ఆ దేశపు పౌరుడు కాలేదు. 1946లో తలుపు సందుచేసి ఏటికి నూరుగురు భారతీయులను రానిచ్చెదమనిరి. మన పప్పు పోవచ్చును, మనము పోరాదు: ఇదీ ఆనాటి న్యాయము. నేడు అదే దేశమున తెలుగువారు లక్షల సంఖ్యలో కాపురములు చేయుచున్నారు. వారి పిండివంటలలోని జీడిపప్పును ఒలిచిన చేతులెవరివో వారిలో కొందరైనను తలచుకొనిన బాగుండును.

1927లో కాథరిన్ మేయో అను అమెరికా వనిత ‘మదర్ ఇండియా’ అను గ్రంథము వ్రాసి, భారతస్త్రీల దురవస్థను లోకమునకు చాటి, అందుచేత మనకు స్వరాజ్యార్హత లేదని సూచించెను. దేశమంతయు మండిపడినది. మరుసటి యేడు లాలా లజపతిరాయి ‘అన్‌హాపీ ఇండియా’ వ్రాసి, నల్లజాతివారియెడ అమెరికా చేయు అన్యాయములను ఎత్తిచూపి బదులు చెప్పిరి. ఆ బదులు ఆనాటికి అవసరమే. కాని మేము నేడు మరియొక సంగతిని జ్ఞాపకము చేయదలచినాము.

ఆ 1927వ సంవత్సరముననే న్యూజర్సీ రాష్ట్రమున గ్రేస్ ఫ్రైయర్ అను యువతి, మరి నలుగురు స్త్రీలు, తమతో పనిచేయించుకొనిన కంపెనీపై వ్యాజ్యము వేసిరి. చీకటిలో వెలుగు గడియారముల ముఖములకు రేడియము కలిసిన రంగు వేయుట వారి పని. కుంచె మొన సన్నగా నుండుటకై పెదవులతో తడిపి దిద్దుమని వారికి నేర్పిరి. అపాయమేమియు లేదని చెప్పిరి. కొన్ని యేండ్లకు వారి దవడయెముకలు కుళ్ళినవి. ఆమెకు న్యాయవాది దొరకుటకే రెండేండ్లు పట్టినది. 1928 జూనులో రాజీ కుదిరి, ఒక్కొక్కరికి 10,000 డాలర్లును, ఏటికి 600 డాలర్ల భరణమును, వైద్యపు ఖర్చులును ఇచ్చుటకు కంపెనీ ఒప్పుకొనెను. ఆ స్త్రీలలో కొందరు అచిరకాలముననే మరణించిరి గాని, పనివలన కలుగు జబ్బునకు పనియిచ్చినవాడే బాధ్యుడను మాట ఆ దేశమున బలపడుటకు వారి పోరాటము తోడ్పడినది. మన మురుగును చూడవచ్చిన మేయో వనితకు తన దేశపు ఆడుబిడ్డల దవడలు కనబడలేదు. మనకు మాత్రము కనబడవలయును. అమెరికా 1920లనుండి మనము తెచ్చుకొనదగిన సరకు ఆ అయిదుగురు స్త్రీల పట్టుదల. జుట్టు కత్తిరింపు కాదు, మోటారుబండియు కాదు.

జీడినూనె రేడియమువంటి విషము కాదు. అట్లని తేలిక వస్తువును కాదు. పిక్కను కాల్చియో, ఆవిరిలో ఉడికించియో ఆరబెట్టి, కత్తెరయంత్రము నొద్ద కూర్చుండి ఒక్కొక్క పిక్కను చేతబెట్టి చీల్చవలయును. పప్పును విరుగకుండ తీయుట నేర్పరుల పని. విరిగినచో వెల పడును, కూలి కోసుకొనును. పిదప పొయ్యి గదిలో వేడికెండబెట్టి, పొట్టు ఒలిచి, నిండు పప్పు, బద్ద, ముక్క అని ఏరి, నిండు పప్పును మరల పరిమాణమునుబట్టి వేరుచేయుదురు. ఈ వరుసలో ప్రతి ఘట్టమునను కూర్చున్నది చాలవరకు స్త్రీలే. చేతికి బూడిదయో, నూనెయో పూసుకొనుటయే వారి కవచము. తొడుగులు ఇచ్చు యజమానులు లేకపోలేదు. తొడుగుతో పని సాగదని, లెక్క తగ్గునని, స్త్రీలే వానిని తీసివేయుచున్నారని చెప్పు యజమానులును కలరు. పని గంటకుగాక పప్పు తూకమునకు కూలి కట్టినప్పుడు, ఏ తల్లి తన వ్రేళ్ళను కాపాడుకొని బిడ్డల కూడు తగ్గించుకొనును? తప్పు తొడుగుది కాదు, కూలి కట్టు పద్ధతిది. కాల్చు పొయ్యిల పొగ, ఆరని దగ్గు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కాశీబుగ్గ వీధులలో నడచినవారికి ఆ వాసన తెలియును.

చట్టములకు మనకు కరవు లేదు. పనివారల నష్టపరిహార చట్టము 1923లోనే వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు కర్మాగారముల చట్టము, కనీస వేతన చట్టము రెండును వచ్చినవి. పేర్లు మారి నూతన స్మృతులును వచ్చినవి. కాని పది పదిహేనుమంది పనిచేయు కొట్టమునకు చట్టము నడచివచ్చుట అరుదు. పిక్కలను ఇంటికి పంపి కొట్టించినచో, ఇక ఆ స్త్రీ ఎవరి పనిమనిషియో తేల్చుటకే కాలము చాలదు.

రైతు సంగతి చూతము. అమెరికాలో పట్టణములు దీపావళి చేసికొనుచున్న ఆ 1920లలోనే అచ్చటి రైతు ధరలు పడిపోయి అప్పులలో మునిగియుండెను. ఆ మెరుపులను వర్ణించు గ్రంథములలో వాని కథ చివరి పుటలలో నుండును. ఉద్దానపు రైతునకు ఈ కథ తెలియనిది కాదు. ఉద్యానమను పేరే ఉద్దానమైనదందురు. ఆ ఉద్యానమును 2018 అక్టోబరు 11న పలాస చెంత తీరము తాకిన తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో పడవేసినది. కొబ్బరి, జీడి చెట్లు లక్షలలో కూలినవి. కొబ్బరి నాటి కాపునకు తెచ్చుటకు ఆరేడేండ్లు కావలయును. ఆ లోపల ఇల్లు గడపుటకై అనేకులు చెన్నపురికి, హైదరాబాదునకు పోయిరి. మిగిలిన చెట్టు కాచిన పిక్కకైనను ధర కలదా? ఎనిమిది పదుల కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇప్పింపుడని రైతులు ఇటీవలి సంవత్సరములలో మొరపెట్టుచునే యున్నారు. పిక్క బరువులో పప్పు ఇంచుమించు నాలుగవ వంతు. మిఠాయి దుకాణమున పప్పు కిలో వెలను ఈ లెక్కతో పోల్చినచో, నడుమ ఎవరికెంత పోవుచున్నదో బడిపిల్లవాడైనను లెక్క కట్టగలడు. ఆఫ్రికానుండి ఓడలలో పిక్కలు వచ్చుచున్నవి గనుక మీ ధర ఇంతే యని వర్తకులు చెప్పుదురు. ఆ మాట పూర్తిగా అబద్ధము కాదు. మన పిక్క ఒక్కటే చాలదు. కర్మాగారములు ఏడాది పొడవునను నడువవలయునన్న దిగుమతి తప్పదు. కాని దిగుమతిని రైతు మెడపై కత్తిగా వాడుట వేరు, కొరత తీర్చుకొనుట వేరు.

కర్మాగారముల యజమానులందరును లక్షాధికారులని మేము నమ్మము. చిన్న కొట్టములవారు బ్యాంకు వడ్డీకిని, పిక్క ధరకును, ఉత్తరాది వర్తకుల అరువునకును నడుమ నలుగుచున్నారు. వారిని తిట్టి ప్రయోజనము లేదు. కాని నలిగినవాడు తనకంటె బలహీనురాలిని నలుపుటకు అధికారము పొందడు. పెంకునుండి తీసిన నూనెకు ధర కలదు. ఆ ఆదాయమునుండి చేతుల రక్షణకు కొంత వేరుచేయుట అసాధ్యమా?

అసాధ్యమనుకొనినవి సాధ్యమగుట ఈ ప్రాంతపువారు చూచియున్నారు. మూత్రపిండముల వ్యాధి ఉద్దానమును ఏండ్ల తరబడి పీడింపగా, ఊరూర జనులు అడిగి అడిగి, చివరకు 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి త్రాగునీటి పథకమును ప్రారంభింపబడినవి. వ్యాధి కారణము తేలవలసియే యున్నది. కాని అడిగినందున నీరు వచ్చినది.

అడుగుట ఇచ్చటివారికి క్రొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగినది. కొలది దినములకే, అడవి కలపపై రైతుల హక్కును మందసా జమీందారు కాదనగా, గుడారి రాజమణిపురమున పోలీసులను ఎదిరించి నిలిచిన సాసుమాన గున్నమ్మ ఏప్రిల్ 1న తుపాకి గుండ్లకు బలియైనది. ఆమె ఏ సభలోను ఉపన్యసించినది కాదు. వోటు వేసినదియు కాదు. చెన్నరాజధాని శాసనసభ 1921లోనే స్త్రీలకు వోటు నొసగినది గాని, అది ఆస్తి కలవారి వోటు.

పిక్కల కాలము మార్చిలో మొదలగును. అంతకు ముందే జిల్లా కలెక్టరుగారు రైతులను, యజమానులను, పనిచేయు స్త్రీల ప్రతినిధులను పలాసలో ఒక్కచోట కూర్చుండబెట్టి, బస్తా ధరయు, కిలో పప్పునకు కొట్టుబడి ఒలుపుడు కూలియు నిర్ణయించి, ఆ అంకెలను తెలుగులో పెద్ద అక్షరములతో ప్రతి కొట్టము గుమ్మమునను వ్రాయింపవలయునని మేము కోరుచున్నాము. స్త్రీల ప్రతినిధులనగా స్త్రీలే రావలయును; వారి తరపున మాటలాడుటకు మేస్త్రీలు అక్కరలేదు.