వాద్యానికి వంశమేది?

విద్యుత్ గిటారు పేరు వినగానే మన పెద్దల నొసలు ముడివడుతుంది. ఈ యేడు వార్షికోత్సవంలో దానిని వాయిస్తానని ఒక విద్యార్థి కోరగా, "అది సంగీతం కాదు, రొద, పైగా మనది కాదు" అన్న మాట వచ్చింది. నాడు మేమూ మౌనం వహించినాము. ఆ మౌనం సబబు కాదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదట "రొద" అన్న మాటను విచారింతము. ఈ గిటారులో ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. తంత్రి కంపించగానే చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దానిని పెంచి వినిపిస్తుంది. మన తరగతులలో ఫారడే సూత్రమని బోధించేది ఇదే. ఆ ధ్వని రొద కావాలో రాగం కావాలో నిర్ణయించేవి వాయించే వ్రేళ్లు.

ఇక "మనది కాదు" అన్న మాట. మన చిల్లకల్లు వలెనే ఉమ్మడి కృష్ణాజిల్లాలోనిదైన గుడివాడలో, 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో, తొమ్మిదేండ్ల బాలుడొకడు మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వినిపించినాడు. ఆయనే పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. దాని జంట తంత్రులపై గమకం పలకడం కష్టం. నాదం ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి ఆ లోటు తీర్చినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాద్యకులు కారు. వారు పాడి వినిపించగా శిష్యుడు వాద్యంపై పలికించినాడు. వాద్యం పరదేశానిది, విద్య మనది.

1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించి జాజ్‌కు రాక్ సంగీతపు ఉద్ధృతిని జోడించిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. తరువాత "రిమెంబర్ శక్తి" బృందంలో ఆయన విద్యుత్ గిటారు, శ్రీనివాస్ మాండలిన్, జాకిర్ హుస్సేన్ తబలా ఒకే వేదికనెక్కినవి. 2001లో వెలువడిన "సాటర్‌డే నైట్ ఇన్ బాంబే" రికార్డు వినండి. ఏది తూర్పు, ఏది పడమర అన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. శ్రీనివాస్ 2014లో, జాకిర్ హుస్సేన్ 2024లో దివంగతులైనారు. ఆ సంభాషణ మాత్రం నిలిచి ఉన్నది.

సంగీతం విషయమై మనలో భిన్నాభిప్రాయాలున్నవని మేమెరుగుదుము. అది వేరు చర్చ. మన వేదికపై గజల్‌కు హార్మోనియం వాయిస్తూనే ఉన్నాము కదా! అదీ 19వ శతాబ్దంలో ఐరోపా నుండి వచ్చినదే. దానిని ఆదరించిన మనము గిటారును మాత్రమే గుమ్మం బయట నిలపడం ఏ న్యాయం?

కళాశాల సంఘంవారికి మా మనవి ఒక్కటే: ఒక గిటారు, ఒక ఆంప్లిఫయర్, వారానికి రెండు సాయంత్రాలు ఒక గది. విద్యార్థులకు కూడా ఒక మాట. ఆంప్లిఫయర్ స్వరాన్ని పెంచినట్లే అపస్వరాన్నీ పెంచుతుంది. కనుక అనుమతి లభించిననాడు వేదిక కంటె ముందు సాధన గదికి నడవండి.