వ్యాయామశాలకు పోవుట యెందులకు?

మన బంగారుపాళ్యము నుండి చిత్తూరునకు పోవువారు నేడు ఆ పట్టణమున జిమ్ములని పిలువబడు వ్యాయామశాలలను చూడవచ్చును. స్త్రీపురుషులు రుసుము చెల్లించి, ఇనుపగుండ్లనెత్తి, కదలని సైకిలును త్రొక్కి, చెమటయోడ్చి యింటికి వచ్చుచున్నారు. “డబ్బిచ్చి మూటలు మోయు కాలము వచ్చినది” అని మన పెద్దలు నవ్వుదురు. నవ్వదగిన మాటయే. కాని, వీరందరు అచటికేల పోవుచున్నారో యోచింపవలసియున్నది.

మొదటి కారణము మన పనులు మారుటయే. తాతల కాలమున కపిల తోలినవానికిని, నాగలి పట్టినవానికిని, రోకట దంచిన యిల్లాలికిని వేరుగా వ్యాయామ మక్కఱలేకపోయెను. నేడు బావికి మోటారును, పొలమునకు ట్రాక్టరును, పిండికి మరయును వచ్చినవి. ఇందులకు మేము సంతసించుచున్నామే గాని విచారింపము. అయితే పని యంత్రమునకు పోయినను, దేహము మాత్రము పూర్వపు దేహమే. అది కదలికను కోరుచునే యున్నది. 1953వ సంవత్సరమున జెరెమీ మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను నగరపు బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని ప్రకటించిరి. మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు మించియున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశోధన తెలుపుచున్నది. కావున వైద్యుని మాట విని వ్యాయామశాలకు పోవువారిని చూచి నవ్వరాదు.

యువకులు పోవుట కొక కారణము అద్దము. బాహువులు బలియుట చూచుకొని మురియుట వయస్సునకు సహజము. అందు దోషము లేదు. కాని నెల దినములలో వస్తాదు కావలెనని ఆరాటపడి, వైద్యుని సలహా లేక సూదిమందులకును మాత్రలకును లోబడుట గుండెకును కాలేయమునకును చేటు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఇనుప గొలుసులను త్రెంచుటయు, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుటయు జనులు నేటికిని చెప్పుకొందురు. ఆయన విజయనగరమున బాలురకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడను సంగతి తక్కువమంది తలతురు. ఆ బలము ప్రదర్శనకే గాక పరులకు నేర్పుటకును వినియోగపడినది. మాకు ఆదర్శము అదియే.

ఇక స్త్రీల విషయము. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. మన పాఠశాల బాలికలు చిన్న తరగతులలో బాలురతో సమముగా పరుగెత్తుదురు. యుక్తవయస్సు రాగానే పలువురు ఆటస్థలమును విడుతురు. “ఇంటిపని చాలును, ఆడపిల్లకు ఆటలేల?” అని తలిదండ్రులందురు. ఈ మాటను గౌరవముతోనే పరీక్షింతము. 2024లో లాన్సెట్ వైద్యపత్రికవారు ప్రకటించిన లెక్క ప్రకారము, 2022లో మన దేశమునందలి పెద్దవారిలో నూటికి 42 మంది పురుషులకును, 57 మంది స్త్రీలకును చాలినంత శారీరక శ్రమ లేదు. ఇంటిపనిని కూడ లెక్కించియే వారీ సంఖ్యకు వచ్చిరి. అనగా ఇంటిపని చాలుట లేదు. దినమంతయు పొయ్యి యొద్ద నిలిచిన తల్లి అలసిపోవును, నిజమే. కాని అలసట వేఱు, బలము వేఱు. ఎముకలు బాల్యమునందును యౌవనమునందును గట్టిపడును. గంతులు, పరుగులు, బరువులు వానికి సాయపడును. ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరగా క్షీణించును. పదునాలుగేండ్ల పిల్లను ఆటనుండి మాన్పించుట, విత్తుకాలమున పొలమును బీడు పెట్టుట వంటిది. నష్టము కోతనాటికి గాని తెలియదు.

ఆడుదానికి బరువులెత్తుట తగదనువారికి మన తెలుగు వనితయే సమాధానము. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారిగా స్త్రీలకు బరువులెత్తు పోటీ ఏర్పడెను. ఆ యేటనే శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతియందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకమును గైకొనెను. ఒలింపిక్ పతకము నందిన ప్రథమ భారత మహిళ ఆమెయే. తలుపు తెరచిన నాడే మన పిల్ల లోనికి నడచినది. తలుపు మూసియున్న యిండ్లలో ఎందఱు నిలిచిపోయిరో యెవరు చెప్పగలరు?

అందఱును పతకములు తేనక్కఱలేదు, జిమ్ము రుసుము కట్టనక్కఱయు లేదు. బాలబాలికలకు దినమునకు సగటున 60 నిమిషములును, పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములును కదలిక వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. వేగముగా నడచుటయు నిందు చేరును. వాలీబాలునకు ఒక బంతి, ఒక వల, కొంత చదునైన నేల చాలును. ఆ యాటను 1895లో కల్పించిన విలియం మోర్గన్ వై.ఎం.సి.ఎ. వ్యాయామోపాధ్యాయుడే. అదే సంస్థ పక్షమున హ్యారీ క్రో బక్ 1920లో మదరాసున వ్యాయామోపాధ్యాయులకు కళాశాలను స్థాపించెను. మిషను పాఠశాలలలో ఆట చదువునకు అడ్డు కాదు, చదువులో భాగమే.

కావున తలిదండ్రులకు మా మనవి యిది: సాయంకాలమున ఒక గంట మీ కుమార్తెకు విడువుడు. ఆ గంటలో చేయవలసిన యింటిపనిని ఆమె సోదరుడు పంచుకొనవచ్చును. అదియును అతనికి వ్యాయామమే. బాలికలారా, సన్నబడుటకై గాక సత్తువకై ఆడుడు. బాలురారా, మెప్పునకై గాక మేలునకై బలము గూర్చుకొనుడు. అద్దమునకై పోవువాడు అద్దము విసుగు పుట్టించిన నాడు మానును. తనవారిని మోయుటకై బలము గూర్చుకొనువాడు ఎన్నడును మానడు.