గండిలో దిగుటకు ముందు

గతమాసమున మాగాయ యెండబెట్టుటను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మిమ్ము సముద్రములకావలనున్న యొక గండికి గొనిపోవలసివచ్చినది. నేను చూచినదికాదు, అయినను రెండు నెలలుగా మా యింట దాని ప్రసంగమే.

మా అక్కగారి కుమార్తె జర్మనీదేశమున నుద్యోగము చేయుచున్నది. రానున్న సెప్టెంబరులో తల్లిని రప్పించుకొని, గ్రీసుదేశమునకు జెందిన క్రీటు ద్వీపములోని సమారియా గండిని ఇరువురును గలసి నడచి దాటవలెనని తలచినది. అక్కగారికి 58 యేండ్లు. వెంటనే యంగీకరించిరి. ఆ పిమ్మట కుమార్తెకే భయము పట్టుకొన్నది. "పిన్నీ! అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలియును. నీవే నచ్చజెప్పవలెను" అని నాకు వ్రాసినది. అక్కగారేమో, "తిరుమల కొండ మూడు మారులు నడచి యెక్కితిని. ఇదియొక లెక్కయా?" యని వ్రాసిరి. తల్లీబిడ్డల నడుమ తీర్పరినై కూర్చుండవలసినదాననైతిని. మావారు బడినుండి భూపటము దెచ్చి గోడకు దగిలించిరి. నేను తెలిసికొన్నది మీకును జెప్పెదను.

క్రీటు ద్వీపమునకు పడమటి భాగమున తెల్లకొండలని పేరుగల పర్వతములున్నవి. వానిలో నెత్తయిన శిఖరము 2,453 మీటర్లు. అవి సున్నపురాతి కొండలగుటచే, నీరు యుగయుగములుగా గోసి గోసి వాని నడుమ లోతైన గండ్లను గల్పించినది. కడపజిల్లాలో పెన్న కొండను జీల్చుకొని పోవు గండికోటను జూచినవారికి ఈ రూపము కొంత యూహకు వచ్చును. అయితే గండికోటలో మనము పైనుండి చూచి మరలుదుము. సమారియాలో అడుగునకు దిగి, ఆ యడుగుననే సముద్రమువరకు నడువవలెను.

నడక ఓమలోస్ మైదానపు టంచున, సముద్రమట్టమునకు 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తున మొదలగును. ఆ చోటు పేరు క్సిలోస్కలో, అనగా కొయ్యమెట్లు. దక్షిణపు టొడ్డున అయియా రుమేలీ యను చిన్నయూరిలో ముగియును. మొత్తము 16 కిలోమీటర్లు. మొదటి భాగమంతయు నిటారు దిగుడు; తరువాత ఏటిగర్భములో గుండ్రాళ్లు, జారు గులకలు. ఆరు గంటలైనను పట్టునని చెప్పుదురు. దారికి నడుమ సమారియా గ్రామము గలదు. 1962లో ఈ గండిని సంరక్షితవనముగా జేసినప్పుడు అచ్చటివారిని వేరుచోటికి దరలించిరి. పొయ్యి వెలుగని యిండ్లు నేటికిని నిలిచియున్నవి. దిగువన 'ద్వారములు' అను చోట గండి నాలుగు మీటర్ల వెడల్పునకు గుదించుకొనిపోవును. ఇరుప్రక్కల గోడలు సుమారు 300 మీటర్ల యెత్తు.

ఆ ప్రాంతపువారు 1770లో తురుష్కప్రభుత్వముపై దిరుగబడినప్పుడు స్త్రీలును బిడ్డలును ఈ గండిలోనే తలదాచుకొనిరి. ఆ తిరుగుబాటు నాయకుని పేరు దస్కలోయానిస్. అనగా 'అయ్యవారు యానిస్' అని యర్థము. చదువుకొన్నవాడగుటచే నా పేరు వచ్చెనట. ఈ మాట విని మావారు ఆ పూట మిగుల సంతోషముగా నుండిరి.

ఇక అసలు సంగతి. అయియా రుమేలీకి బండిదారి లేదు. ఓడలోనైనను కాలినడకనైనను తప్ప అచ్చటినుండి బయటపడలేము. కావున ఈ ప్రయాణమును మొదటినుండి లెక్కింపరాదు. చివరనుండి వెనుకకు లెక్కింపవలెను. ఇది మనకు క్రొత్తగాదు. పెండ్లివారికి పండ్రెండింటికి వడ్డింపవలెనన్నచో, అన్నమెప్పుడు వార్చవలెనో, పప్పెప్పుడు వేయవలెనో, పొయ్యి యెప్పుడు రాజేయవలెనో వెనుకకే గదా లెక్కించుచున్నాము! సాయంకాలపు ఓడ 5.30 గంటలకనుకొందము. నాలుగింటికి ఊరు జేరవలెను. నెమ్మదిగా నడచువారికి ఎనిమిది గంటలు పట్టుననుకొన్నచో ఎనిమిదింటికి లోపల క్సిలోస్కలో దాటవలెను. ఖనియా పట్టణమునుండి అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల కొండదారి. కావున తెల్లవారకమునుపే బస్సెక్కవలెను. ఈ లెక్కలో విశ్రాంతికిని కాలిబొబ్బకును గూడ సమయము కేటాయింపని యెడల అది లెక్క గాదు, ఆశ.

గండిని సామాన్యముగా మే మొదలు అక్టోబరు వరకే తెరతురు. ఆ నెలలలో గూడ వానవచ్చినను ఎండ మిక్కుటమైనను మూసివేయుదురు. ఇరుకైన గండిలో వరద యెంత వేగముగ బొంగునో వేరుగ జెప్పనక్కరలేదు. కావున ఒక్కదినమునే నమ్ముకొనక, మరియొక దినము చేతిలో నుంచుకొనవలెను. లోపల రాత్రి నిలువగూడదు, నిప్పు రాజేయగూడదు. ప్రవేశపు చీటీని పారవేయరాదు. లోపల నెవరును మిగులలేదని తెలియుటకై దానిని వెలుపలికి వచ్చునపుడు చూపవలెను. దారిలో ఊటలున్నవి గనుక లీటరు సీసా యొకటి చాలును. కనిపించినచోటనెల్ల నింపుకొనుట మేలు. వేయించిన పల్లీలు, ఖర్జూరములు, కొంచెము ఉప్పు, నిమ్మకాయ పులిహోర - ఇంతకు మించి మోయరాదు. బూట్లు క్రొత్తవి పనికిరావు. రెండు నెలల ముందు కొని యింటనే తొడిగి అలవరచుకొనవలెను. దిగునపుడు వ్రేళ్లు ముందునకు దన్నుకొనును గనుక గోళ్లు ముందే కత్తిరించుకొనవలెను. చీరకుచ్చెళ్లు రాళ్ల నడుమ కాలికి దగులును. లాల్చీ పైజామాలు మేలని వ్రాయగా అక్కగారు మారుపలుకక ఒప్పుకొనిరి.

మోకాళ్ల మాటకు మాత్రము ఒప్పుకొనలేదు. అప్పుడు నేనిట్లు వ్రాసితిని: "అక్కా! అలిపిరినుండి తిరుమలకు మెట్లు 3,500కు పైగా నున్నవి. అవి నీవెక్కినమాట నిజమే. కాని ఎక్కునపుడు ఆయాసపడునది గుండె. దిగునపుడు బరువు మోయునవి మోకాళ్లు. పైగా కొండమీదికి జేరినపిమ్మట నీవు బస్సులో దిగితివి. ఈ మారు బస్సులో నెక్కి నడచి దిగిచూడుము. అది సమారియాలో సగముకంటె కొంచెమెక్కువ. మరునాడు నీ మోకాళ్లేమనునో అదే తీర్పు. నేను జెప్పునది కాదు."

అక్కగారు తిరుపతిలోనే యుందురు. పది దినములవరకు జాబు లేదు. నొచ్చుకొనిరేమోయని నాకు నిద్రపట్టలేదు. తోబుట్టువునకు "నీకు వయసు వచ్చినది" యని చెప్పుటకంటె కఠినమైన మాట యేమున్నది? ఆమె నన్నెత్తుకొని పెంచినది.

పదునొకండవనాడు ఉత్తరము వచ్చినది. "చెల్లీ, దిగితిని. ఆనాడేమియు దెలియలేదు. మరునాడు కుడిమోకాలు వాచినది. మూడుదినములు గోడపట్టుకొని నడచితిని. ఇది ఆ గండి నడుమ జరిగియుండినచో నా బిడ్డ నన్ను విడిచి ముందుకు బోలేదు, నాతో నిలిచి ఓడ నందుకొనలేదు. నా పట్టుదలకు దానిని వెలయీయనా? అయినను నేను బసలో గూర్చుండుటకు అంతదూరము పోను. వేరొక ఉపాయము చూడుము" అని యున్నది.

ఉపాయము కలదు. అయియా రుమేలీకి ఓడలో బోయి, అచ్చటినుండి మెల్లగా ఎగువకు నడచి ద్వారములవరకు పోయి మరలి రావచ్చును. నిటారు దిగుడు లేదు, అలసినచోట వెనుదిరుగవచ్చును. కావున ఆనాడు కుమార్తె ఇద్దరు స్నేహితురాండ్రతో పైనుండి దిగును. అక్కగారు అల్లునితో స్ఫకియా రేవునుండి ఓడలో బోవుదురు. కుమార్తెకును ఒక నియమము పెట్టితిమి: మొదటి గంటలో ఎవరికైనను కాలు బెణికినచో మువ్వురును మరలి పైకెక్కవలెను. అంతకు మించి దిగినపిమ్మట వెనుకకు బోవుట ముందుకు బోవుటకంటె కష్టము.

సోదరీమణులారా! మీలో ననేకులు క్రీటుకు బోకపోవచ్చును. కాని తీర్థయాత్రకైనను, పెండ్లికైనను, పురిటికైనను బయలుదేరునపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు: చివర నన్ను చేర్చుకొను ఓడ యేది? ఏచోటివరకు నేను మరలిరాగలను? ఈ రెంటికి సమాధానము దొరికినపిమ్మట ధైర్యమునకు గొదవ యుండదు.

నిన్న అక్కగారు బిడ్డకు వ్రాసిన కార్డును నాకును జూపిరి. అందొక్క వాక్యమే యున్నది: "నీవు పైనుండి రమ్ము, నేను ద్వారములయొద్ద నీకై యెదురుచూచుచుందును."