ఎం.పి.ని అడగవలసింది బస్సు షెల్టరు కాదు

అమలాపురం: ఎన్నికలు వచ్చినప్పుడల్లా కోనసీమ పల్లెల్లో లోక్‌సభ అభ్యర్థుల ముందుకు వచ్చే కోరికలు ఒకే తీరుగా ఉంటాయి. ఒక ఊరివారు బస్సు షెల్టరు అడుగుతారు. పక్క ఊరివారు కమ్యూనిటీ హాలు అడుగుతారు. పేటవారు సిమెంటు రోడ్డు అడుగుతారు. అభ్యర్థి అన్నిటికీ తల ఊపి జీపెక్కుతారు. ఈ కోరికల్లో తప్పు లేదు. కాని వీటిని చూడడానికి పంచాయతీ ఉంది, మండల పరిషత్తు ఉంది, శాసనసభ్యుడు ఉన్నారు. ఢిల్లీకి పంపే మనిషిని ఢిల్లీలో మాత్రమే అయ్యే పని అడగాలి.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. పార్లమెంటు సభ్యుని నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. అమలాపురం లోక్‌సభ స్థానం కింద అమలాపురం, రాజోలు, గన్నవరం, ముమ్మిడివరం, కొత్తపేట, మండపేట, రామచంద్రపురం అని 7 శాసనసభ నియోజకవర్గాలున్నాయి. సమానంగా పంచితే ఒక్కొక్కదానికి సుమారు 71 లక్షలు. దానిని ఊళ్ల వారీగా పంచితే మిగిలేది చిల్లరే. అయిదేళ్ల నిధి మొత్తం కలిపినా 25 కోట్లు. గోదావరి మీద ఒక రైలు వంతెనకు అది ఏ మూలకు?

కోనసీమ ప్రజల చిరకాల వాంఛ రైలు. కాకినాడ - కోటిపల్లి లైను పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పీకివేశారు. అవి తిరిగి పడి రైలు నడిచింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద వంతెన స్తంభాలు లేచాయి. రైలు మాత్రం రాలేదు. ఈ నాటికీ అమలాపురం వాసి రైలెక్కాలంటే రాజమండ్రికో, కాకినాడకో బస్సులో పోవలసిందే. అంబాజీపేట కొబ్బరి లారీల మీదనే పోవాలి.

ఈ లైను మంజూరైన కాలం గమనించదగినది. అప్పుడు అమలాపురం సభ్యుడు గంటి మోహనచంద్ర బాలయోగి. ఎదుర్లంకలో పుట్టి, జిల్లా పరిషత్తు అధ్యక్షుడుగా పనిచేసి, 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరైన తొలి దళితుడు ఆయన. ఈ లైను ఆయన పట్టుదల వల్లనే వచ్చిందని కోనసీమలో చిన్నాపెద్దా చెప్పుకుంటారు. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. తరువాత ఆ స్థానం నుంచి అయిదుగురు ఎన్నికయ్యారు. 2024లో గెలిచినవారు ఆయన కుమారుడే. మూడు పార్టీలవారికీ కోనసీమ అవకాశమిచ్చింది. కనుక నింద ఒక్క పార్టీకి పోదు.

ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది షరతు. వాటా సకాలంలో అందలేదని రైల్వేవారంటారు. కేటాయింపు చాలదని రాష్ట్రం వారంటారు. ఇద్దరి మధ్య ముడి విప్పవలసినవారు పార్లమెంటు సభ్యులే. 2017 నుంచి రైల్వేకు వేరే బడ్జెట్ లేదు. అయినా ఏ లైనుకు ఎంత కేటాయించారో ఏటా అచ్చువేస్తూనే ఉన్నారు. సభలో ప్రశ్నోత్తరాల సమయం ఉంది. మంత్రి చేత లిఖితపూర్వకంగా జవాబు చెప్పించే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది.

కోనసీమ దేశానికి తక్కువేమీ ఇవ్వలేదు. ఇక్కడి గ్యాసు ఎక్కడెక్కడికో పోతున్నది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. అంత ఇచ్చినచోట రైలు అడగడం యాచన కాదు.

చేయవలసింది సులువే. లైను ఒక కొస కాకినాడ, మరో కొస నర్సాపురం, నడుమ అమలాపురం. ఈ మూడు స్థానాల సభ్యులూ కలిసి ఒకే మాటగా అడగాలి. ఏటా బడ్జెట్ వచ్చిన నెలలోపు, ఎంత అడిగారో, ఎంత వచ్చిందో, ఏ పాయ మీద పని ఎక్కడ ఆగిందో అమలాపురంలో బహిరంగంగా చెప్పాలి. గ్రామసభలు తీర్మానాలు చేసి వారికి పంపాలి. అయిదేళ్లకొకసారి వచ్చే జీపును ఈసారి ఆ లెక్క కోసం ఆపాలి. బస్సు షెల్టరు సంగతి పంచాయతీ ఎన్నికలప్పుడు అడగవచ్చు.