అద్భుతం జరిగింది సరే, అనుమతి ఎవరిచ్చారు?

లూకా సువార్త 13వ అధ్యాయంలో ఒక సమాజమందిరపు అధికారి ఉన్నాడు. పేరు చెప్పలేదు. 18 ఏళ్లుగా నడుము వంగిపోయి నిటారుగా నిలబడలేని ఒక స్త్రీని యేసు విశ్రాంతిదినాన దగ్గరికి పిలిచి, చేతులుంచి బాగుచేశాడు. అధికారికి ఒళ్లు మండింది. కానీ ఆయన యేసుని ఏమీ అనడు, జనం మీద విరుచుకుపడతాడు. పని చేయడానికి వారంలో ఆరు రోజులున్నాయి, బాగుపడాలంటే ఆ రోజుల్లో రండి అంటాడు. ఆదివారం ఓపీ లేదు, రేపు రండి అని కిటికీ మూసేసే గుమాస్తా గొంతు ఇది. మనకు నవ్వొస్తుంది. అయితే ఆయన అనని మాట ఒకటుంది. ఆమె నడుము బాగుపడలేదని మాత్రం అనలేదు.

సువార్తల్లో అద్భుతాలకు అడ్డుపడిన మతపెద్దలు దాదాపు అందరూ ఇంతే. ఊచచెయ్యి గలవాణ్ణి విశ్రాంతిదినాన బాగుచేస్తాడేమోనని మార్కు 3వ అధ్యాయంలో కాపు కాస్తారు. చేయలేడనుకుంటే కాపు కాయడం దేనికి? అదే అధ్యాయంలో యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు, ఇతను దయ్యాల్ని వెళ్లగొడుతున్నది దయ్యాల అధిపతి బెయెల్జెబూలు బలంతోనే అంటారు. వెళ్లగొట్టలేదని అనరు. ఖాళీ సమాధి సంగతి వేరు. శిష్యులే శవాన్ని ఎత్తుకుపోయారనే ప్రచారం చేయించారని మత్తయి రాశాడు. మన దగ్గర అద్భుతాల మీద గొడవంటే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించిన తరహా గుర్తొస్తుంది. ఒకరు మహిమ అంటారు, మరొకరు మోసం అంటారు. మొదటి శతాబ్దపు యూదయలో తగాదా అది కాదు. జరిగిందని ఇద్దరూ ఒప్పుకున్నాక, ఎవరి అధికారంతో జరిగిందన్న దగ్గర మొదలైన తగాదా.

ఆ ప్రశ్న తెలివితక్కువదేం కాదు. ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం ఎప్పుడో హెచ్చరించింది: ప్రవక్త చెప్పిన సూచన నిజంగానే జరిగినా, అతను వేరే దేవుళ్ల వైపు తిప్పుతుంటే వినొద్దని. అద్భుతాన్ని చూసి అక్కడే ఆగిపోకు, అది నిన్ను ఎటు తీసుకుపోతోందో చూడు అని దాని సారం. యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూదులో ఒక చక్కని కథ ఉంది. ఒక పొయ్యి శుద్ధమా కాదా అన్న వాదనలో రబ్బీ ఎలియెజెరు తన పక్షాన చెట్టును పెళ్లగించి చూపిస్తాడు, కాలువ నీళ్లను వెనక్కి పారిస్తాడు, చివరికి ఆకాశవాణినే పలికిస్తాడు. తోటి రబ్బీలు చలించరు. ధర్మశాస్త్రం సీనాయి కొండ మీదే మన చేతికొచ్చింది, ఇప్పుడిక పైనుంచి గొంతులు వినం అని ఎక్కువమంది అభిప్రాయాన్నే ఖాయం చేస్తారు. ఈ కథ రాతలోకి వచ్చింది యేసు తర్వాత కొన్ని శతాబ్దాలకు. అయినా ఆ పట్టుదల వెనకున్న సంప్రదాయం పాతదే. యేసు మాత్రం వేరేగా చెప్పాడా? తన పేరిట అద్భుతాలు చేశామని వచ్చేవాళ్లను చివరి దినాన మీరెవరో ఎరగనని పంపేస్తానన్నాడు.

విశ్రాంతిదినం మీద అభ్యంతరం కూడా వట్టి మొండితనం కాదు. ప్రాణం మీదికొస్తే ఆ నియమాన్ని పక్కన పెట్టొచ్చని యూదు పండితులే ఒప్పుకున్నారు. 18 ఏళ్లు ఆగిన నడుము ఒక్క రోజు ఆగదా అన్నది ఆ అధికారి లెక్క. ఆమె ఇంకొక్క గంట కూడా ఎందుకు ఆగాలన్నది యేసు లెక్క. నా ఓటు రెండోదానికే. కానీ మొదటి లెక్క వేసినవాణ్ణి రాక్షసుడనలేను.

మరి తప్పెక్కడ మొదలైంది? యోహాను 9వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. నా దృష్టిలో కొత్త నిబంధన మొత్తంలో ఇంత నవ్వొచ్చే కోర్టు సీను మరొకటి లేదు. యేసు ఉమ్మితో బురద చేసి ఒక పుట్టుగుడ్డి కళ్లకు పూసి, సిలోయము కోనేటిలో కడుక్కోమంటాడు. (ఆ కాలపు కోనేటి మెట్లు 2004లో మురుగు పైపు మరమ్మతు కోసం తవ్వుతుంటే యెరూషలేములో బయటపడ్డాయి.) చూపొచ్చింది. ఆ రోజు విశ్రాంతిదినం, బురద కలపడం పని. పరిసయ్యులు అతన్ని పిలిపించారు. ఇక్కడ మన ప్రసంగాల్లో వినపడని సంగతి ఒకటుంది. వాళ్లు రెండుగా చీలిపోయారు. నియమం పాటించనివాడు దేవుడి నుంచి వచ్చినవాడెలా అవుతాడని కొందరు, పాపి అయితే ఇలాంటివి ఎలా చేయగలడని కొందరు. ఇద్దరివీ మంచి ప్రశ్నలే. తర్వాత అసలితను గుడ్డివాడేనా అని అనుమానం వచ్చి తల్లిదండ్రుల్ని పిలిపించారు. అదీ సరైన పనే. తల్లిదండ్రులు గడుసువాళ్లు. వీడు మా కొడుకే, పుట్టుకతో గుడ్డివాడే, చూపెలా వచ్చిందో మాకు తెలీదు, వయసొచ్చినవాడు గదా, వాణ్ణే అడగండి అన్నారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. సమాజమందిరం నుంచి వెలేస్తారన్న భయం అలా మాట్లాడించింది.

ఇంతవరకూ అది విచారణే. రెండోసారి ఆ మనిషిని పిలిపించినప్పుడు తిరగబడింది. ఆ యేసు పాపి అని మాకు తెలుసు, ఇప్పుడు నువ్వు నిజం చెప్పు అని మొదలుపెట్టారు. తీర్పు ముందు, వాంగ్మూలం తర్వాత. నిన్నటిదాకా అడుక్కుతిన్న ఆ మనిషి బెదరలేదు. ఆయన పాపో కాదో నాకు తెలీదు, నిన్నటిదాకా చూపు లేదు, ఇవాళ ఉంది, నాకు తెలిసింది అదొక్కటే అన్నాడు. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, మీకూ ఆయన శిష్యులవ్వాలని ఉందా ఏమిటి అని చురక కూడా అంటించాడు. పాపంలో పుట్టినవాడివి, నువ్వా మాకు పాఠాలు చెప్పేది అని వెళ్లగొట్టారు. సాక్ష్యాన్ని కాదనలేనప్పుడు సాక్షి పుట్టుకను ఎత్తిపొడవడం ఏ కాలపు పెద్దలకైనా చేతనైన పనే.

బేతనియలో చనిపోయిన లాజరును యేసు లేపాక వ్యవహారం మరింత ముదిరింది. యోహాను చెప్పే ప్రకారం మహాసభలో కూడినవాళ్ల బాధ ఒక్కటే: ఈ మనిషి సూచకక్రియలు చేస్తూ పోతే అందరూ అతన్నే నమ్ముతారు, రోమీయులొచ్చి గుడినీ జనాన్నీ తుడిచేస్తారు. దీన్ని కుంటిసాకని కొట్టేయలేం. ప్రధానయాజకుణ్ణి పెట్టేదీ తీసేదీ రోమన్ గవర్నరే. పండగకు కట్టుకోవలసిన పవిత్ర వస్త్రాలు సైతం రోమన్ల కాపలాలో అంతోనియా కోటలో ఉండేవని చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. అలాంటి కుర్చీలో కయప క్రీ.శ. సుమారు 18 నుంచి 36 దాకా కూర్చున్నాడు. ఆ కాలంలో అన్నేళ్లు నిలవడం సామాన్యం కాదు. జనం పోవడం కంటే ఒక్కడు పోవడం మేలని ఆయనే లెక్క తేల్చాడు. భయం నిజమైనదే. 70వ సంవత్సరంలో రోమన్లు ఆ ఆలయాన్ని తగలబెట్టారు కూడా. కానీ యోహాను తర్వాత రాసిన ఒక వాక్యం దగ్గర నా సానుభూతి ఆగిపోతుంది. లాజరును కూడా చంపాలని ప్రధానయాజకులు ఆలోచించారట. చచ్చి బతికొచ్చినవాణ్ణి మళ్లీ చంపి సాక్ష్యం మాపడం!

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయానికి వచ్చేసరికి ముసుగు కూడా ఉండదు. దేవాలయపు శృంగార ద్వారం దగ్గర రోజూ అడుక్కునే కుంటి మనిషి, 40 ఏళ్లు దాటినవాడు, తనను బాగుచేసిన అపొస్తలులు పేతురు యోహానుల పక్కనే మహాసభ ముందు తన కాళ్ల మీద నిలబడ్డాడు. అందర్నీ బయటికి పంపి పెద్దలు లోపల మాట్లాడుకున్నారు. ఊరంతా చూసింది, కాదనలేం, ఇక ఆ పేరెత్తి మాట్లాడొద్దని బెదిరించి వదిలేద్దాం అనుకున్నారు. ఇక్కడ పట్టుబట్టినవాళ్లు యాజకవర్గం, పునరుత్థానమే లేదనే సద్దూకయ్యులు. తర్వాతి అధ్యాయంలో వీళ్ల జోలికి పోవద్దని వాదించి అపొస్తలుల ప్రాణాలు కాపాడినవాడు గమలీయేలు. ఆయన పరిసయ్యుడు. నడుము వంగిన స్త్రీ కథ ఉన్న అధ్యాయంలోనే, హేరోదు నిన్ను చంపాలని చూస్తున్నాడు, ఇక్కణ్ణుంచి వెళ్లిపో అని యేసుకు చెప్పినవాళ్లూ పరిసయ్యులే.

ఈ కథలన్నీ ఒక పక్షంవాళ్లు రాసినవని మరవకూడదు. యోహాను సువార్త మొదటి శతాబ్దం చివర్లో రాసిందని, సమాజమందిరం నుంచి వెలివేతకు గురైనవాళ్ల గాయం అందులో కనిపిస్తుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఒకే ఇంట్లో అన్నదమ్ముల తగవు అది. తగవు మరిచి రాత మాత్రం మిగిలాక, యూరపులో యూదుల్ని తరతరాలు వేటాడటానికి ఇవే పేజీలు పనికొచ్చాయి. క్రీస్తు మరణానికి యూదులందర్నీ బాధ్యుల్ని చేయకూడదని కాథలిక్ సంఘం అధికారికంగా చెప్పింది 1965లో.

మన తెలుగు సంఘాల్లో ఇప్పుడు యూదులతో తగవేం లేదు, పరిసయ్యులన్న తిట్టు మాత్రం మిగిలింది. స్వస్థత కూటంలో వేదికెక్కి సాక్ష్యం చెబుతున్న మనిషిని, డాక్టరు ఏమన్నాడమ్మా, మళ్లీ పరీక్ష చేయించావా అని ఎవరైనా అడిగితే పరిసయ్యుడైపోతాడు. వేదిక మీదున్న దైవజనుడేమో యేసు స్థానంలో నిలబడతాడు. నాకిది తలకిందుల పోలికగా కనిపిస్తుంది. సువార్తల్లో బాగుపడ్డవాళ్లు బలహీనులు, అధికారం ప్రశ్నించేవాళ్ల చేతిలో ఉంది. ఇక్కడ మైకు, పోస్టరు, టీవీ చానెలు, కానుకల పెట్టె అన్నీ వేదిక మీదివాళ్లవి. అడిగేవాడికి ఏముంది? ఆ కాలపు మహాసభ పని ఇవాళ ఎవరు చేస్తున్నట్టు?

మాత్రలు మానేయమని, ఇన్సులిన్ అవసరం లేదని చెప్పేవాళ్లకు మార్కు మొదటి అధ్యాయం చూపించాలి. కుష్ఠరోగిని బాగుచేశాక యేసు ఒక ఆజ్ఞ పెట్టాడు. ఎవరికీ చెప్పకు, వెళ్లి యాజకుడికి కనబడు, మోషే నియమించిన కానుక అర్పించు అని. లేవీయకాండం ప్రకారం రోగం పోయిందో లేదో తేల్చేది యాజకుడే. ఆయన చూసి ఒప్పుకున్నా పని అయిపోదు, ఆ మనిషి ఇంకో ఏడు రోజులు తన డేరా బయట ఉండాలి. ఎనిమిదో రోజు అర్పణ. అంటే అద్భుతం చేసినవాడే తనకు గిట్టని వ్యవస్థ దగ్గరికి తనిఖీకి పంపించాడు. బాగుపడ్డవాడు ఆగలేదు. వెళ్లి ఊరూరా చాటాడు, దాంతో యేసు పట్టణంలోకి బాహాటంగా రాలేకపోయాడు. యాజకుడికి కనబడ్డాడో లేదో మార్కు రాయలేదు.