ప్రింటర్ కొనేముందు స్కేలు పట్టుకోండి

మన దగ్గర ప్రింటర్ రివ్యూ అంటే నాలుగే విషయాలు. నిమిషానికి ఎన్ని పేజీలు, పేజీకి ఎన్ని పైసలు, వైఫై ఉందా, ఫోన్ నుంచి ప్రింట్ ఇవ్వొచ్చా. ఎంత పెద్ద కాగితం పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి ఊళ్లలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, 2022లో జిల్లా కోర్టులూ వచ్చాయి. ఆఫీసుల వెనకే కాగితాలు వస్తాయి. అఫిడవిట్లు, అగ్రిమెంట్లు, భూమి నక్షాలు... ఇవన్నీ ఏ4లో ఇమడవు. ఇంట్లో చదువుకోడానికని కొన్న ప్రింటరే రేపు నాన్న భూమి కాగితాలకీ, పక్కింటాయన అగ్రిమెంటుకీ పనికి రావాలి. కొందరైతే దాంతోనే చిన్న నెట్ సెంటర్ పెడదామనుకుంటారు.

ముందు లెక్క చూద్దాం. ఏ4 అంటే 210×297 మిల్లీమీటర్లు. లీగల్ 216×356. ఏ3 297×420. ఇంట్లో వాడే ప్రింటర్లలో దాదాపు అన్నిటికీ వెడల్పు పరిమితి 216 దగ్గరే ఆగిపోతుంది. జిరాక్స్ షాపుల్లో ఏళ్లుగా నడుస్తున్న కెనాన్ ఎల్‌బీపీ2900 అయినా, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయినా అంతే. ఇంకు ప్రింటర్‌లో హెడ్ అటూ ఇటూ తిరిగే దారి, లేజర్‌లో డ్రమ్ పొడవు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి. పొడవు సంగతి వేరు. ఎప్సన్ ఎల్3250 లాంటి వాటిలో కస్టమ్ సైజు పెట్టుకుంటే 1200 మిల్లీమీటర్ల దాకా లాగొచ్చు. వెడల్పు మాత్రం ఏ సెట్టింగూ, ఏ అప్‌డేటూ పెంచలేదు.

అసలు తిప్పలు లీగల్ దగ్గర మొదలవుతాయి. డ్రైవర్‌లో 'లీగల్' అని ఒకటుంటే, చాలా ఎప్సన్, కెనాన్ మోడళ్లలో 'ఇండియన్ లీగల్' అని ఇంకోటి ఉంటుంది. దాని కొలత 215×345. తేడా 11 మిల్లీమీటర్లే, కానీ ఆ 11 ఉండేది పేజీ అడుగున. సాక్షుల సంతకాలు ఉండేదీ అక్కడే! షాపులో లీగల్ అని ఇచ్చిన కట్ట ఈ రెంటిలో ఏదో స్కేలుతో కొలిస్తేనే తెలుస్తుంది. ఇంకో దొంగ సెట్టింగ్ 'లెటర్'. ఏ4 కన్నా దాదాపు 18 మిల్లీమీటర్లు పొట్టి. కొన్ని యాప్‌లు అడక్కుండానే అది పెట్టేస్తాయి.

ఇక ఆల్-ఇన్-వన్ సంగతి. డబ్బా మీద 'లీగల్ సపోర్ట్' అని ఉంటుంది. అది ప్రింట్‌కే. మామూలు మోడళ్లలో స్కానర్ అద్దం 216×297 మాత్రమే. అంటే లీగల్ కాగితం ప్రింట్ తీస్తారు, దాన్నే పూర్తిగా కాపీ తీయలేరు. తీయాలంటే పైన లీగల్ పట్టే ఏడీఎఫ్ ఉండాలి. కంపెనీలు ఈ రెండు కొలతలూ డబ్బా మీద పక్కపక్కనే పెద్దక్షరాల్లో వెయ్యాలి. వెయ్యనప్పుడు రివ్యూ చేసేవాళ్లైనా చెప్పాలి.

'ఫిట్ టు పేజ్' ఉందిగా అంటారా? ఉత్తరానికి సరే, నక్షాకి వద్దు. ఏ3 నక్షాని ఏ4లో కుదిస్తే అది 71 శాతానికి తగ్గుతుంది. 1:1000 స్కేలు దాదాపు 1:1414 అవుతుంది, కానీ కాగితం మీద మాత్రం 1:1000 అనే అచ్చవుతుంది. దాని మీద స్కేలు పెట్టి గట్టు ఎక్కడో తేల్చుకుంటే అన్నదమ్ముల మధ్య తగువు ఖాయం. స్కేలు ముఖ్యమైన చోట 100 శాతం పెట్టి నాలుగు ఏ4ల మీద ముక్కలుగా తీసి అతికించండి. అడోబీ రీడర్‌లో 'పోస్టర్' ఆప్షన్ దానికే.

అలాగని అందరూ ఏ3 ప్రింటర్ కొనమని చెప్పను. ఖరీదెక్కువ, టేబుల్ సగం తినేస్తుంది. నెలకి రెండు మూడు ఏ3 షీట్లు కావాలంటే బయట తీయించుకోవడమే నయం. ఇంటికి లీగల్ ప్రింట్ చేసేది చాలు. కాపీల వ్యాపారం పెట్టేవాళ్లు మాత్రం లీగల్ ఏడీఎఫ్ లేనిది ముట్టుకోవద్దు.

అసలు మందు ఆఫీసుల దగ్గరే ఉంది. సుప్రీంకోర్టు 2020లోనే ఏ4, రెండు వైపులా ప్రింట్ అనే దారికి మళ్లింది. మండల ఆఫీసు దాకా అదే పద్ధతి వస్తే ఈ గోలలో సగం పోతుంది. అప్పటిదాకా ప్రింటర్ కొనేటప్పుడు షాపువాణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: లీగల్ ప్రింట్ అవుతుందా? లీగల్ కాపీ అవుతుందా? రెండోదానికి నోటిమాట నమ్మొద్దు, అక్కడే ఒక షీటు పెట్టించి చూడండి.