టీఎంసీల లెక్కలో చేప ఏది?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ పేరెత్తితే రెండు రాష్ట్రాలకూ టీఎంసీలే గుర్తొస్తాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ ఆ లెక్కే. ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. బాగానే ఉంది. మరి ఆ నీళ్లలో బతికే చేప సంగతేంటి?

గోదారిలో తిండి ఎండతో మొదలవుతుంది. ఎండతో నాచు పెరుగుతుంది. నాచును కంటికి ఆనని చిరుప్రాణులు, వాటిని చిన్న చేపలు, చిన్న చేపల్ని కొర్రమీను తింటాయి. ఒక్కో మెట్టు ఎక్కేసరికి శక్తిలో సుమారు పదో వంతే మిగులుతుంది. మిగతాదంతా తిరగడానికి, బతకడానికి ఖర్చయి వేడిగా పోతుంది. ఆ లెక్కన కిలో కొర్రమీను వెనక దాదాపు వెయ్యి కిలోల నాచు ఉండాలి. చేపల బజారులో బేరమాడేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి!

పత్తి చేలల్లో కొట్టిన మందు వానకు వాగుల్లోంచి నదిలో కలుస్తుంది. చేలో పురుగుకూ, నీళ్లలో పురుగుకూ మందుకు తేడా తెలీదు. నడుమ మెట్టు కూలితే పైన వల ఖాళీయే. అలాంటప్పుడు చేపపిల్లల్ని వదిలి చేతులు దులుపుకుంటే అవి ఏం తిని పెరగాలి?

గేట్లెత్తే రోజున నీటిమట్టం ఎలాగూ రాసుకుంటారు. అదే రోజు బిందెడు నీళ్లు పట్టి అందులో నాచు ఎంత, చిరుప్రాణులెన్ని, మందు ఎంత అన్నదీ పరీక్ష చేయించాలి. ఆ కాగితం మరాఠీలో ధర్మాబాద్ బెస్తవాళ్లకు, తెలుగులో బాసర బెస్తవాళ్లకు అందాలి.